వరుసలో కూర్చున్న పెద్దసారు

క్రితంవారం మనం అన్నయ్యను గ్రంథాలయం మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. మిట్టమధ్యాహ్నం ఎండ. అలవాటులేని మనిషి. ఎక్కువసేపు నిలబెట్టడం బాగుండదు గనక జరిగింది గబగబా చెప్పుకుందాం.

వాకిలి అనే బ్రౌజరు అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి పెంచింది. ఫోన్లో గాని, కంప్యూటర్లో గాని ఏ పేజీ చూడాలన్నా జనం ముందు తెరిచేది దాన్నే. కట్టింది చెల్లెలు, అమ్మింది అన్నయ్య. కొత్త ఫోనేది కొన్నా వాకిలి ముందే ఎక్కి వస్తుంది. తీసేద్దామన్నా ఊడి రాదు. ప్రభుత్వం ఎప్పుడైనా ప్రమాద హెచ్చరిక పెడితే అది అన్నిటికంటే పైన కనబడాలని చెల్లెలు అందులో ఒక నియమం పెట్టింది. ఆ పైవరుసకు మంచి ధర పలుకుతుందని అన్నయ్య ఆ నియమాన్ని తీయించి, జాగాను ప్రకటనలకు అమ్మాడు. అటు తర్వాత కొద్దిరోజులకే ఊరి నీళ్ళలో ఫ్యాక్టరీ రసాయనం కలిసింది. ‘కాచినా తాగొద్దు’ అని నీటిశాఖ పెట్టిన హెచ్చరిక ఎక్కడో అడుగున పడిపోయింది. పైన కనబడింది ఫిల్టర్లు అమ్మేవాడి పేజీ. మా ఫిల్టరు కొనండి, లేదంటే కాచి చల్లార్చి తాగండి అని ఉంది అందులో. జనం కాచి తాగారు. మనుషులు పోయారు. అన్నయ్య పత్రికలవాళ్ళను పిలిచి, కళ్ళు తుడుచుకుని, పొరపాటు మా చెల్లెలి జట్టుదని చెప్పాడు. చెల్లెలు కంపెనీ బయట పడింది.

ఇన్నేళ్ళకు విచారణ కమిషన్ వాకిలిని అన్నయ్య కంపెనీ చేతుల్లోంచి తప్పించాలని తీర్పిచ్చింది. దాన్ని నడపడం తెలిసిన ఇంజనీర్లందరూ, అక్క ఎక్కడుంటే మేమూ అక్కడే అని కూర్చున్నారు. అక్క అంటే మన చెల్లెలే. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్క. వాకిలి మాకిమ్మని అడుగుతున్నవాళ్ళు ఇద్దరు. గ్రంథాలయాలూ కళాశాలలూ ఆసుపత్రులూ కలిసి పెట్టుకున్న ప్రజాసంస్థ ఒకటి. దానికి పెద్ద, అన్నాచెల్లెళ్ళిద్దరికీ చదువు చెప్పిన మాస్టారు. రెండోది నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీ. దానికి యజమాని వదిన తమ్ముడు. అంటే కుడిచేతిలోది ఎడమచేతిలోకి మార్చుకోవడమే. రేపు కమిషన్ ముందు చెల్లెలు ఎవరి పేరు చెబితే వాకిలి వాళ్ళది. అదీ సంగతి. అందుకే పెద్దసారు, అంటే మన అన్నయ్య, ఈ మెట్లెక్కాడు.

అన్నయ్య ముందు డ్రైవరును లోపలికి పంపాడు. సారు బయట ఉన్నారు, పక్కగదిలో కూర్చోబెడితే నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు అని డ్రైవరు మర్యాదగానే చెప్పాడు. చెల్లెలు అంతకంటే మర్యాదగా, ఇక్కడ పక్కగది లేదనీ, ఎంతటివారైనా టోకెను తీసుకుని వరుసలో కూర్చోవాలనీ, ఒకరి టోకెను ఇంకొకరికి ఇవ్వడం కుదరదనీ చెప్పి పంపేసింది. పక్కగది లేదన్నది పూర్తిగా నిజం కాదు. ఉంది. దాన్నిండా కాళ్ళు విరిగిన కుర్చీలున్నాయి.

ఆమె పనిచేసేది గ్రంథాలయం వెనకహాల్లో. ఒకప్పుడు పాత పత్రికల కట్టలు పడేసే చోటు. గోడకు ఆనించి కంప్యూటర్లు, వాటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు, పైన కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. పింఛను ఆగిపోయిందని ఒకరు, కరెంటు బిల్లు కట్టినా కట్టలేదంటున్నారని ఒకరు, పరీక్ష హాల్‌టికెట్టు కనబడటంలేదని ఒకరు వస్తారు. ఆమె పక్కన కూర్చుని అసలు పేజీ ఏదో, దాని వేషం కట్టిన పేజీ ఏదో చూపించి, పని చేయించి పంపుతుంది. ఆ కంప్యూటర్లన్నీ అన్నయ్య కంపెనీ దానంగా ఇచ్చినవే. దానం వెంట ఒక షరతూ వచ్చింది. వాటిలో వాకిలి తప్ప ఇంకో బ్రౌజరు పెట్టకూడదు. ప్రతి తెర నెత్తిమీదా ‘ప్రజాసేవలో’ అని ఒక స్టిక్కరు. వాటిని గోటితో గీకి పారెయ్యాలని ఆమెకు చాలాసార్లు అనిపించింది. ఎప్పటికైనా వచ్చి వాడే చదువుకుంటాడులే అని ఊరుకుంది.

ఈరోజు కోసం ఆమె ఎంత సాధన చేసిందో ఆమె మొగుడికి తెలుసు. ఇన్నేళ్ళూ గిన్నెలు తోముతూ అన్నయ్యను నిలదీసేది. ఒక్కోరోజు ఒక్కో రకంగా. ఆ మాటలకు గిన్నెలే సాక్షులు, కొన్నిటికి సొట్టలు కూడా పడ్డాయి. మొగుడికి మందుల దుకాణం ఉండేది. పత్రికల్లో ఆ వార్త వచ్చిన మర్నాటినుంచి ఒక్కరు మెట్టెక్కితే ఒట్టు. విషం నీళ్ళు తాగించినదాని ఇంట్లో మందు ఎవరు కొంటారు? కొన్నాళ్ళు ఈగలు తోలి, దుకాణం మూసి, ఇప్పుడు ఇంకొకరి దుకాణంలో బిల్లులు కొడుతున్నాడు. పొద్దున ఆమె బయల్దేరుతుంటే చెప్పులు వేసుకుంటూ ఒకే మాట అన్నాడు. పగ తీర్చుకో, నేను కాదనను, కానీ వాడిని చూస్తూ తీర్చుకో, నిన్ను నువ్వు చూసుకుంటూ తీర్చుకోకు అని. ఆమెకు అర్థంకాలేదు. అర్థంకానివి మాట్లాడటం ఆయనకు అలవాటేలే అనుకుని బస్సెక్కింది.

అన్నయ్య వచ్చి వరుసలో కూర్చున్నాడు.

కూడళ్ళలో ఇంతెత్తు బొమ్మల్లో నవ్వే మనిషి, ఆ ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంటే ఎవరూ గుర్తుపట్టలేదు. పక్కనున్న ముసలాయన, మీది కూడా పింఛనేనా అని పలకరించాడు. ఇటుపక్క చంటిపిల్ల తల్లి, కాస్త పట్టుకోండి బాబూ అని పాలసీసా చేతికిచ్చి సంచిలో ఏదో వెతుక్కుంది. పెద్దసారు పాలసీసా పట్టుకుని కూర్చున్నాడు. ఆమె అటువైపు చూడకుండానే అన్నీ చూసింది. అంతకుముందెప్పుడూ లేనంత ఓపిక వచ్చింది ఆమెకు ఆ పూట. పింఛను తాతకు ఒకసారి చెప్పేది రెండుసార్లు చెప్పింది. హాల్‌టికెట్టు పిల్లకు పరీక్ష ఎలా రాయాలో కూడా చెప్పింది. పగ తీపి అంటారు గదా, ఆ తీపి నాలుక మీద నిలవడం ఆమెకు అప్పుడే తెలిసింది.

అన్నయ్య వంతు వచ్చింది. ఆమె అందరినీ పిలిచినట్టే అంకె చదివి పిలిచింది. ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని ఆమె మొహంలోకి చూశాడు.

“చిక్కిపోయావే, చిన్నీ,” అన్నాడు.

“పనేంటో చెప్పండి.”

ఆ ‘అండి’ ఆయనకు సూదిలా గుచ్చుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆమె ఆయన్ని ‘నువ్వు’ అనే అంది, తిట్టినా కొట్టినా. అయినా మింగి, సర్దుకుని, తెచ్చిన మాటలు ఒక్కొక్కటే విప్పాడు. కొత్త కంపెనీకి ఆమే పెద్ద. బావమరిది పేరుకే, ఏ పనిలోనూ వేలు పెట్టడు. పాత జట్టునంతా పిలుచుకోవచ్చు. బావగారికి దుకాణం మళ్ళీ పెట్టిస్తాడు, ఈసారి ఆసుపత్రి ఎదురుగా. అమ్మ పోయినప్పుడు కబురు పంపకపోవడం తప్పేనన్నాడు. ఆ సంగతి దుకాణానికీ జీతానికీ మధ్యలో ఎక్కడో దూర్చాడు. ఆమె రాయిలా విన్నది.

ఆఖరున ఆయన గొంతు తగ్గించి, పత్రికలవాళ్ళను మళ్ళీ పిలుస్తాను, ఆనాటి పొరపాటు నీది కాదని నా నోటితో చెబుతాను అన్నాడు.

రాయి అక్కడ కదిలింది. ఇన్నేళ్ళ గిన్నెల సాధన అంతా ఆ ఒక్క మాట కోసమే. కూరగాయల దుకాణంలో తనను చూసి పక్కకు తప్పుకున్నవాళ్ళు, తన పిల్లను బళ్ళో చేర్చుకోవడానికి తటపటాయించినవాళ్ళు, అందరూ ఆ మాట వింటారు. సరే అనడానికి ఆమె నోరు సగం తెరుచుకుంది కూడా. కానీ ఆమె ఇంజనీరు. ఏదైనా విప్పి చూడందే నమ్మదు. ఏ మాటల్లో చెబుతారు అని అడిగింది.

ఆయన సిద్ధంగానే ఉన్నాడు. “ఎవరి తప్పూ కాదు, యంత్రం తప్పు అంటాను. నీమీద మచ్చ పోతుంది, నామీదికి రాదు. యంత్రం వచ్చి కాదంటుందా?”

ఆమె నోరు మూసుకుంది. ఆలోచిస్తాను, ముందు ఒక చిన్నపని చేసిపెట్టండి అని లేచి, కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడను పిలిచింది. మధ్యవయసు మనిషి. చేతిమీద ఇస్త్రీపెట్టె కాలిన పాత మచ్చలు. వీధి మలుపులో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. నీళ్ళు తాగి పోయినవాళ్ళ కుటుంబాలకు ప్రభుత్వం ఇప్పుడు సహాయం ఇస్తోంది, ఈవిడ దరఖాస్తు పెట్టాలి, మీ వాకిలే గదా, మీరే ఆ పేజీ తెరిచిపెట్టండి అంది ఆమె. చెప్పలేదు గాని, అన్నయ్య వస్తున్నాడని తెలిసి ఆవిడను ఈ పూటకే రమ్మని నిన్ననే కబురు పెట్టింది.

అన్నయ్యకు కాదనడానికి వీల్లేకపోయింది. అదెంతపని అని తెరముందు కూర్చున్నాడు. ఆ చేతులు సంతకాలకు అలవాటుపడి చాలా ఏళ్ళయింది. అక్షరాలు వెతుక్కుంటూ, నీటి బాధితుల సహాయం అని కొట్టాడు. తెర నిండింది. అన్నిటికంటే పైన, సహాయం మేమిప్పిస్తామనే ఏజెంటు. వాడి కింద అప్పులిచ్చేవాడు. వాడి కింద నీళ్ళ ఫిల్టర్లు. ఇవన్నీ ప్రకటనలమ్మా, వీటిని నొక్కకూడదు అని అన్నయ్య ఆవిడకు పెద్దమనిషిలా చెప్పాడు. కిందికి జరిపాడు. మళ్ళీ అవే, వేరే రంగుల్లో. వాటి పక్కన ‘ప్రకటన’ అన్న మాట ఉందిగాని, అది ఎంత చిన్నగా, ఎంత పాలిపోయి ఉందంటే, ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి తెరకు ముక్కు తగిలేలా వంగాల్సివచ్చింది. ఆ అక్షరం రంగు దగ్గర ఒకప్పుడు అన్నాచెల్లెళ్ళు పెద్ద యుద్ధమే చేశారు. ఆయనే గెలిచాడు.

చివరికి ఒకచోట గుండ్రటి ముద్ర, దాని పక్కన ‘సహాయ నిధి, అధికారిక దరఖాస్తు’ అని కనబడింది. ఇదుగో, దొరికింది అని నొక్కాడు. ఆవిడ పేరు అడిగి కొట్టాడు. చిరునామా కొట్టాడు. పోయినవారు మీకేమవుతారు అని అక్కడుంటే చదివి వినిపించాడు. మొగుడు అంది ఆవిడ. ఆయన తలెత్తకుండానే అదీ కొట్టాడు. తర్వాతి పేజీలో పరిశీలన రుసుము కట్టమని వచ్చింది. ఎంతో కాదులే, నేనే కట్టేస్తాను అని జేబులోంచి కార్డు తీశాడు.

“అది ప్రభుత్వం పేజీ కాదన్నయ్యా,” అంది చెల్లెలు. “నీ ఖాతాదారుడు. నెలనెలా నీకు డబ్బు కట్టి ఆ జాగాలో కూర్చున్నాడు. ఇలా కట్టినవాళ్ళు మళ్ళీ ఏడుస్తూ నా దగ్గరికే వస్తారు.”

హాల్లో అందరూ ఇటే తిరిగారు. పింఛను తాత ఇంకా వెళ్ళలేదు. పాలసీసా తల్లి అప్పటికే మనిషిని పోల్చుకుని పక్కవాళ్ళ చెవిలో వేసింది. అన్నయ్య కార్డు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. మెడమీదినుంచి చెవులదాకా ఎర్రబడటం ఆమె చూసింది. ఇంతకాలం ఆకలిగా ఉన్నదేదో కడుపులో చల్లబడినట్టయింది.

“ఈవిడెవరో చెప్పనా?” అని మొదలుపెట్టబోయింది.

ఇస్త్రీ ఆవిడే అందుకుంది. “ఆయనెవరో నాకు తెలుసమ్మా. మా మలుపులో ఆయన బొమ్మ ఉంది. దాని నీడలోనే నా బండి.” అన్నయ్యవైపు తిరిగింది. గొంతు పెంచలేదు. “ఆరోజు మా ఆయన నీళ్ళడిగితే పక్కింటి పిల్ల చేత ఫోన్లో చూపించుకున్నాను బాబూ. కాచి తాగమని ఉంది. నేనే కాచాను. బాగా మరిగించాను, తొందరపడి దించలేదు. అదొక్కటే నాకు నిద్ర పట్టనివ్వదు. అంత బాగా ఎందుకు కాచానా అని.”

అన్నయ్య తల దించుకున్నాడు. చెల్లెలు ఊహించుకున్న ఘట్టం సరిగ్గా ఇదే. ఇంతకంటే బాగా ఏ గిన్నె ముందూ ఊహించలేదు. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. అదే గొంతుతో ఇటు తిరిగింది.

“ఈయన్ని నా ముందు కూర్చోబెట్టడానికే నన్ను రమ్మన్నావామ్మా? దరఖాస్తు నువ్వు ఎప్పుడో పెట్టించగలవు గదా. నీ కోపం నీది, కాదనను. మీ అన్నాచెల్లెళ్ళ తగువులోకి మా ఆయన్ని లాగొద్దు.”

తన పగను చూసుకుంటూ ఆమె ఈ మనిషిని చూడనేలేదు. పొద్దున మొగుడన్న మాట అప్పుడు అర్థమైంది. ఆలస్యంగా అర్థమయ్యే మాటలతో వచ్చిన చిక్కే అది. తప్పయిపోయిందమ్మా, కూర్చోండి, ఇప్పుడే మీ పని పూర్తిచేస్తాను అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు. కూర్చుంది.

అన్నయ్య లేచి వరండాలోకి నడిచాడు. సైకిళ్ళు పెట్టుకునే చోట, తడిసి ఉబ్బిన పుస్తకాలు ఆరబెట్టిన బల్ల పక్కన నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకుంది చెల్లెలు. వెళ్ళకుండా చేత్తో రమ్మని సైగ చేశాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆ మొహంలో సిగ్గు ఎప్పుడో పోయింది. దాని జాగాలో ఇంకోటి వచ్చింది. అదేమిటో ఆమెకు బాగా తెలుసు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు, ఒకే రకం కోపం.

“నలుగురిలో నా పరువు తీశావు. బాగుంది,” అన్నాడు. “మరి ఆ ముసలాయన్ని ఏ కుర్చీలో కూర్చోబెడతావు?”

ఏ ముసలాయన్ని అంది ఆమె.

“ఆరోజు పొద్దున నువ్వు నాకు ఫోన్ చేశావు. హెచ్చరిక పైకి తెప్పించు, నియమం మళ్ళీ పెట్టించు అని ఏడ్చావు. నేనేమన్నానో గుర్తుందా?”

గుర్తులేకపోవడమా. ఆ మాట తలచుకోకుండా ఆమెకు ఒక్కరోజు గడవలేదు. ‘సాయంత్రం దాకా ఆగమన్నారు’ అన్నాడు. ప్రకటనలకు డబ్బు కట్టినవాళ్ళు సాయంత్రందాకా జాగా ఖాళీ చేయడానికి ఒప్పుకోలేదని ఆమె అర్థం చేసుకుంది. కమిషన్‌లోనూ అలాగే చెప్పింది. ఇప్పుడు ఆ ఎండ వరండాలో నిలబడి ఆ మాటను మొదటిసారి విప్పి చూసింది. ఆగు అనలేదు. ఆగమన్నారు అన్నాడు. డబ్బు కట్టే వ్యాపారులను అన్నయ్య ఏనాడూ ‘రు’ పెట్టి మాట్లాడలేదు. వాళ్ళ వెనకాల అందరూ ఆయనకు ‘వాడే’. జన్మలో ఆయన ‘అన్నారు’ అనే మనిషి ఒక్కడే.

“మాస్టారు,” అన్నాడు అన్నయ్య, ఆమె మొహం చూసి. ఆ ఒక్క మాటతోనే ఆ ‘రు’ కూడా వదిలేశాడు. “అప్పుడాయన నీటిశాఖకు సలహాదారు. ఆ నీళ్ళు బాగున్నాయని అంతకుముందే సంతకం పెట్టినాయన. హెచ్చరికను శాఖ పేజీలో పెట్టకుండా ఆపలేకపోయాడు. నాకు ఫోన్ చేసి, ఇంకోసారి పరీక్ష చేయించేదాకా అది జనం కంట పడనివ్వకు, అనవసరంగా కంగారుపడతారు అన్నాడు. ఆయన మాట నేనెప్పుడు కాదన్నాను? నువ్వు మాత్రం ఎప్పుడన్నావు?”

నువ్వు అబద్ధమాడుతున్నావు అంది ఆమె. ఆ మాట ఆమె చెవికే పేలవంగా వినిపించింది.

“ఆయన నోరు విప్పితే నేను పోతాను. నేను విప్పితే ఆయన పోతాడు. ఇద్దరం మిగలాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. నువ్వు కనబడ్డావు.” ఎవరో మూడోమనిషి సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. “నీకు ఈ ఉద్యోగం జాలిపడి ఇప్పించాడనుకున్నావా? నువ్వేం తవ్వుతున్నావో కనిపెట్టుకుని ఉండొచ్చని ఇప్పించాడు.”

మరి ఇన్నాళ్ళూ దాచినవాడివి ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగింది. అన్నయ్య కార్డును జేబులో పెట్టుకుంటూ, వాకిలి నాకు దక్కకపోతే ఆయనకు ఎందుకు దక్కాలి అన్నాడు. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు. మెట్లు దిగి, వెనక్కి చూడకుండా కారెక్కాడు.

ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. అన్నయ్య మాట నీళ్ళమీద రాత, చిన్నప్పటినుంచీ తెలుసు. పళ్ళెంలో తీపి దొంగిలించి పిల్లిమీద పెట్టిన మనిషి. ఇదీ అలాంటిదే అయ్యుండొచ్చు. కానీ, ఊరంతా తలుపులు మూసిన రోజుల్లో మాస్టారు ఒక్కరే ఇంటికి వచ్చి, ఏమీ తిననని రెండు రోజులుగా పడుకున్న తనను లేపి, ఈ హాలు తాళంచెవి చేతిలో పెట్టారు. ఆరోజు ఆయన, నీ తప్పు లేదని నాకు తెలుసమ్మాయ్ అన్నారు. తెలుసు అన్నారు. నమ్ముతున్నాను అనలేదు. ఎలా తెలుసని ఆమె అడగలేదు. అప్పుడు ఆ మాటకే ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంట్లో ఉన్న దొంగ ఎవరో తెలియక తను ఒకే మనిషి మీద పగ పెంచుకుని, రెండో మనిషికి రోజూ నమస్కారం పెడుతోందా?

లోపలికి వచ్చి ఇస్త్రీ ఆవిడ పక్కన కూర్చుంది. వెతకకుండా, ప్రభుత్వం అసలు పేజీ చిరునామాను పైన తనే కొట్టి తెరిచింది. ఇద్దరూ కలిసి దరఖాస్తు నింపసాగారు. ఆవిడ వివరాలు చెబుతోంది, ఆమె వేళ్ళు కొడుతున్నాయి. మనసు మాత్రం రేపు కమిషన్ ముందు ఉంది. వాకిలి వదిన తమ్ముడికి ఇస్తే అన్నయ్య గెలిచినట్టు. ప్రజాసంస్థకు ఇస్తే, ఇదే నిజమైతే, హెచ్చరికను ఒకసారి తొక్కిపెట్టిన చెయ్యే మళ్ళీ దానిమీద ఉంటుంది. సంస్థ మంచిదే. ఆ ఆలోచన మంచిదే. తలమీద ఎవరు కూర్చున్నారన్నదే ప్రశ్న. ఇద్దరిమీదా పగ తీర్చుకోవాలంటే, ఎవరికీ ఇవ్వకుండా వాకిలిని ముక్కలు చేసి పారెయ్యాలి. ఇంజనీర్లను వద్దంటే చాలు, నెల తిరిగేలోపు అది కూలిపోతుంది. ఆ ఊహ ఎంత బాగుందంటే ఆమెకే భయం వేసింది. అప్పుడు ఈ వరుసలో కూర్చున్నవాళ్ళందరూ ఏ పేజీ తెరుచుకుంటారు?

సాయంత్రం కాకముందే మాస్టారు వచ్చారు. రేపటి మాట ఈరోజే వినిపోదామని వస్తానని ముందే చెప్పారు. అలవాటుగా గొడుగు తలుపుపక్కన ఆనించి, అలవాటుగా ఒక పెన్నుల పెట్టె బల్లమీద పెట్టారు. జనం పెన్నులు పట్టుకుపోతారని ఆయనకు తెలుసు. పింఛను తాతను పేరుపెట్టి పలకరించారు. ఇంకొకరి మోకాలు ఎలా ఉందో అడిగారు. చూసిన ఎవరికైనా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించే మనిషి. ఆమెకూ అలవాటుగా చేతులు లేవబోయాయి. ఒళ్ళో ఆపేసింది.

“ఏమ్మాయ్, తీరిందా ఆలోచన? రేపు మన సంస్థ పేరే గదా చెబుతావు?” అన్నారు.

ఎలా అడగాలో వరండాలోంచి వచ్చినప్పటినుంచీ వెతుకుతూనే ఉంది. చుట్టూ తిప్పి అడగొచ్చు, మెల్లగా దారికి తేవచ్చు. ఏదీ చేయబుద్ధి కాలేదు.

“మాస్టారూ, నీళ్ళు పాడైన రోజు పొద్దున మీరు అన్నయ్యకు ఫోన్ చేశారా?”

ఫోనేంటి అంటారేమోనని చూసింది. ఎవరు చెప్పారీ కట్టుకథ అని కోప్పడతారేమో, మీ అన్నయ్య బుద్ధి నీకు తెలియదా అని నవ్వుతారేమో అనుకుంది. ఏదన్నా నమ్మేసేది. దేవుడా, ఏదో ఒకటి అననీ అనుకుంది.

మాస్టారు కళ్ళద్దాలు తీశారు. తుడవలేదు. హాల్లో ఎవరెవరున్నారో ఒక్కొక్కరినే చూశారు. ఒక అడుగు ముందుకు వేసి గొంతు బాగా తగ్గించారు.

“ఈ మాట కమిషన్‌లో కూడా చెబుతానన్నాడా మీ అన్నయ్య?”

దరఖాస్తులో ఆఖరి గడి దగ్గర ఆగి ఉన్న ఇస్త్రీ ఆవిడ తెరమీదినుంచి చూపు తిప్పింది. కుర్చీని మెల్లగా ఆయనవైపు జరుపుకుంది.

“ఏ మాట బాబూ?” అంది.